అమ్మ నొక్కని ఫోటో

వనపర్తి బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ల షాపులో ఆ ట్యాబ్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఒళ్లు మండింది. షాపు భాయ్ మంచి మనిషే, మా ఆయనకు ఎన్నేళ్లుగానో తెలిసినవాడు. కొనడానికొచ్చిన ఆడమనిషి ఏం చూస్తే ముచ్చటపడుతుందో అదే చూపించాడు పాపం. పిల్లల సినిమా పెట్టాడు. తెర నిండా కుందేళ్లు గెంతుతున్నాయి. నేను ఆ ఊరి బడిలోనే లెక్కలు చెప్పే పంతులమ్మను, గొంతు తగ్గించి మాట్లాడటం నాకు చేతకాదు. నాకు సినిమా వద్దు భాయ్, మా అమ్మకు మాట కావాలి అన్నాను. ఫోన్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా తిరిగి చూశారు. భాయ్ సినిమా ఆపేసి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

అమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి ఒక వానాకాలం గడిచింది. గద్వాలలో మా పుట్టింట్లో, మగ్గం మీద, నాయిన పక్కన కూర్చుని ఉండగానే వచ్చింది. మా గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ నేతలోనే కలపాలి కాబట్టి పెద్ద అంచు చీర ఒక్కరి చేతుల మీద సాగదు. నేసే మనిషి పక్కన ఇంకో మనిషి కూర్చుని అంచు వైపు దారం కండె ఉండే నాడెను అందిస్తూ ఉండాలి. మా ఇంట్లో ఆ ఇంకో మనిషి అమ్మ. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ మగ్గం ముందు పలక మీదే కూర్చుంది. ఆ రోజు నాడె ఆమె చేతిలోంచి జారి మగ్గం గుంటలో పడిందట. తియ్యమంటే తియ్యలేదట. నిద్రొస్తుందా ఏందని నాయిన నవ్వాడట. తాను నవ్విన ఆ సంగతి నాయిన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నట్టే చెప్పేవాడు.

కర్నూలులో ఒక దవాఖానకు తీసుకుపోతే ప్రాణం నిలబెట్టారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. పూర్తిగా పోయినా బాగుండేదేమో, "అద... అద..." అని ఒక్క ముక్క మిగిలింది. నీళ్లకూ అదే, నొప్పికీ అదే, దోమలకూ అదే. మాకు అర్థం కాకపోతే ఎడమ చేత్తో మంచం పట్టెను గుద్దేది. మా అమ్మ ఎట్లాంటి మనిషి! వాడకట్టు మొత్తానికి వినబడేలా మాట్లాడిన మనిషి. మగ్గం చప్పుడును మించి మాట్లాడాలి కదా, నేతోళ్ల ఇళ్లల్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఆ గొంతు నాకూ వచ్చింది. ఆమెకు మాత్రం లేకుండా పోయింది.

మాట నేర్పించే డాక్టరమ్మ ఒకామెను చూశాం. ఆమె అమ్మ ముందు బొమ్మల కాగితాలు పరిచి, చెంచా ఏది, చెప్పు ఏది అని అడిగింది. అమ్మ అన్నీ సరిగ్గా చూపించింది. మీ అమ్మకు అంతా తెలుస్తోంది, నోటికి రావట్లేదంతే అని డాక్టరమ్మ చెప్పింది. బొమ్మల ట్యాబ్ ఒకటి ఇవ్వండి, బొమ్మ మీద వేలు పెడితే ఆమె బదులు అది మాట్లాడుతుంది అంది. ఖరీదైనది అక్కర్లేదు, అట్లాగని పనికిరానిది కొని మూలన పడేయొద్దు, ముందు వాడి చూసి కొనండి అంది. లేచి వస్తుంటే నన్నొక్కదాన్నే వెనక్కి పిలిచి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలమ్మా, చెప్పాలనే ఆశ పోయిందంటే ఆ తర్వాత ఏం ఇచ్చినా ముట్టుకోరు అని చెప్పింది. ఆమె చెప్పిన బొమ్మలు మాట్లాడే యాప్‌ను ముందు నా ఫోనులోనే వేసి చూశాను. బొమ్మలు గోరంత ఉన్నాయి. అమ్మ ఎడమ వేలు వణుకుతూ ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కేది. నీళ్లడగబోతే టీవీ అని పలికేది. అందుకే ఆ షాపుకు పోవాల్సి వచ్చింది.

నాయిన రెండు చీరలు నేస్తే వచ్చే కూలికి దొరికే ట్యాబ్ అక్కడ ఒక్కటే ఉంది. అది మంచిదేనా అని అడిగాను. అమ్ముకునేవాడు ఎవడూ చెప్పని మాట భాయ్ చెప్పాడు.

"సాఫ్ చెప్త అక్కా. గిది జర సుస్తు. నువ్వు నొక్కినంక ఆగి ఆగి పల్కుతది. సౌండ్ గూడ తక్కువనే. తీస్కపో, అమ్మకు పనికొస్తే పైసలియ్యి, లేకుంటే తెచ్చియ్యి. పైన ప్లాస్టిక్ మాత్రం తియ్యకు."

బడికి సెలవు పెట్టి, పెబ్బేరు మీదుగా గద్వాల బస్సెక్కి, దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే ఆడవాళ్లు కిటికీల్లోంచి నీళ్లల్లోకి చిల్లర వేశారు. నేనూ వేశాను. నాకు అట్లాంటి వాటి మీద నమ్మకం లేదు, కానీ ఆ రోజు చెయ్యి ఊరుకోలేదు.

యాప్‌లో వాళ్లిచ్చిన బొమ్మలు మా ఇంటివి కావు. నీళ్లంటే గాజు గ్లాసు, తిండి అంటే రెండు బ్రెడ్డు ముక్కలు. అవన్నీ తీసిపారేసి మా ఇంటి ఫోటోలు పెట్టాను. మా స్టీలు చెంబు, జొన్నరొట్టె, చాయ గ్లాసు, ఫ్యాను, స్నానాల గది తలుపు, మోకాలి మందు సీసా. ఒక్కో ఫోటో కింద మాట రాస్తే దాన్ని ఆ ట్యాబ్‌లోని ఆడగొంతు చదువుతుంది. ఆ దిక్కుమాలిన గొంతు నెట్ ఉంటేనే పలుకుతుంది, అది వేరే ఏడుపు. మొదట చెంబు నొక్కితే, యాప్‌లో వాళ్లు ముందే పెట్టిన తీరుగా అది "నాకు మంచినీళ్లు కావాలి" అంది. రేడియోలో వార్తలు చదివే ఆమె మా ఇంటికెందుకొచ్చిందని నాయిన నవ్వాడు. అమ్మ పడిపోయాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. మా ఇంట్లో అనే తీరుగా "నీళ్లియ్యి" అని మార్చి రాశాను. దాన్ని కూడా వార్తల్లాగే చదివింది.

తర్వాత మనుషుల ఫోటోలు. నాది పెట్టి నా పేరు రాశాను. నాయిన పోయి ముఖం కడుక్కుని, తెల్లచొక్కా తొడుక్కొచ్చి, మగ్గం ముందు నిలబడ్డాడు. ఫోటో తీశాక కింద ఏం రాయాలని అడిగితే, ఇంటిపేరుతో సహా నేత కార్డు మీద ఎట్లుందో అట్లే కొట్టమన్నాడు. కొట్టాను. ఆయనే నొక్కి చూసుకున్నాడు. కాసేపాగి ట్యాబ్ ఆయన నిండు పేరు పిలిచింది. మళ్లీ నొక్కి, మళ్లీ పిలిపించుకున్నాడు. పెళ్లికొడుకు సిగ్గుపడ్డట్టు సిగ్గుపడ్డాడు. అమ్మ మంచం మీంచి చూస్తూనే ఉంది. ఆమె ముఖంలో ఏముందో నేను చూడలేదు, నా చూపంతా ట్యాబ్ మీదే ఉంది.

మొదటి రోజు అమ్మ దాన్ని ముట్టుకోలేదు. పామును చూసినట్టు చూసింది. మర్నాడు పొద్దున నేను వాకిట్లో బట్టలుతుకుతుంటే ఇంట్లోంచి వార్తల గొంతు "చాయ పొయ్యి" అంది. నాయిన నొక్కాడేమో అనుకున్నాను. నాయిన దారం తేవడానికి బజారుకు పోయున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సబ్బు చేతులతోనే లోపలికి ఉరికాను. అమ్మ వేలు ఇంకా చాయ గ్లాసు మీదే ఉంది. నేను ఏడుస్తూ చాయ పెట్టాను, పంచదార ఎక్కువ పడింది, అయినా తాగింది. ఆ పూటే ఫ్యాను అడిగింది, రొట్టె అడిగింది, తెస్తే చేత్తో నెట్టి వద్దంది. సాయంత్రం నా ఫోటో నొక్కింది. ట్యాబ్ నా పేరు పిలిచింది. ఏంటమ్మా అని పోతే ఏమీ లేదు, ఊరికే పిలిచింది. సగం నోటితో నవ్వింది. కొనేద్దాం, ఎంత సుస్తుదైతే ఏంటి, మా అమ్మ కూడా ఇప్పుడు సుస్తే కదా అనుకున్నాను.

నాయిన మాత్రం అవునని అనలేదు, కాదని అనలేదు. మగ్గం దగ్గర కూర్చుని చిన్న అంచు పని ఏదో ఒంటరిగా నేసుకుంటూ, మధ్యమధ్య నాడె ఆపి చెవి పెట్టేవాడు. ఆయన దేనికి ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు. ట్యాబ్ నా పేరు పిలిచిన ప్రతిసారీ ఆయన తల ఎత్తి, మళ్లీ దించుకునేవాడు. అమ్మకు ఆయన కావాల్సి వస్తే మాత్రం ట్యాబ్ జోలికే పోయేది కాదు. మళ్లీ ఆ పాత "అద... అద..." తోనే పిలిచేది. ఆయన ముందు రెండు మూడుసార్లు వినపడనట్టు కూర్చున్నాడు, ఫోటో నొక్కుతుందేమోనని. నొక్కలేదు. మంచం పట్టెను గుద్దింది.

నేను ఊరుకునే రకం కాదు కదా. పక్కన కూర్చుని, ఎడ్డి పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు మొదలుపెట్టాను. ఇదిగో చెంబు, నొక్కు. నొక్కింది. ఇదిగో నేను, నొక్కు. నొక్కింది. ఇదిగో నాయిన, నొక్కు. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు కింద దాచుకుంది. ఫోటో బాగా రాలేదేమో అనుకుని ఆయన వయసులో ఉన్నప్పటి ఫోటో పెట్టాను. దాన్ని చాలాసేపు చూసింది, కళ్లు తడి చేసుకుంది, కానీ నొక్కలేదు. ప్లాస్టిక్ అడ్డమొస్తోందేమో, ఆ మూల పనిచేయట్లేదేమో అని ఫోటోను జరిపి చూశాను. అప్పుడూ అంతే. చివరికి నాకు విసుగొచ్చి ఆమె వేలు పట్టుకుని నేనే ఫోటో మీద పెట్టించబోయాను. అమ్మ ఒక్క గుంజు గుంజి చెయ్యి విడిపించుకుని ట్యాబ్‌ను తోసేసింది. అది పరుపు మీద బోర్లా పడి, ఆ గుంజులాటలో నా వేలు తగిలిందేమో, ఆలస్యంగా, నాయిన నిండు పేరు పిలిచింది.

మగ్గం ఆగింది. నాయిన లేచొచ్చి ట్యాబ్‌ను తిరగేసి మంచం చివర పెట్టాడు.

"ఇడ్సిపెట్టు బిడ్డా. ఆమెకు నేను యాదికి లేను. చెంబు యాదికుంది, చాయ యాదికుంది, నువ్వు యాదికున్నవ్. నేనే లేను."

అట్లాంటిదేం లేదు నాయినా అన్నాను, కానీ గట్టిగా అనలేకపోయాను. నాకూ అదే అనుమానం. అమ్మ తల అడ్డంగా ఊపుతూ, "అద అద అద" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ జబ్బులో కారణం లేకుండానే ఏడుపు, నవ్వు వస్తుంటాయి, మీరు పరేషాన్ కావొద్దు అని దవాఖానలో ముందే చెప్పి ఉన్నారు. మేం పరేషాన్ కాలేదు. కళ్లు తుడిచి, నీళ్లు తాగించి పడుకోబెట్టాం. ఆ రోజు తలుచుకుంటే నాకిప్పటికీ నా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నేను ఇంకో మాట ఎత్తకముందే నాయిన తేల్చేశాడు. వద్దు, తిరిగిచ్చెయ్ అన్నాడు. నీళ్లకూ చాయకూ మిషన్ ఎందుకు, ఆమె చూపును బట్టి నేనే ఇస్తాను అన్నాడు. నేను కొట్లాడొచ్చు. చిన్నప్పటి నుంచీ ఆయనతో కొట్లాడి గెలిచినదాన్నే. కానీ ఆయన ముఖం చూసి ట్యాబ్‌ను సంచిలో పెట్టుకున్నాను. వనపర్తి పోయి ట్యాబ్ ఇచ్చేస్తే భాయ్ తీసుకుని, ప్లాస్టిక్ మీది వేలిముద్రలను గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టాడు.

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. ట్యాబ్ పోయాక అమ్మ ఆ "అద" అనడం కూడా తగ్గించింది. నాయిన చూపును బట్టి ఇస్తానన్నాడు కానీ, ఆమె అసలు చూడటమే మానేసింది. పెడితే తినేది, లేకపోతే లేదు. చలికాలం మొదట్లో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఎడమ చెయ్యి కూడా పడిపోయింది. కళ్లు తెరిచే ఉంటాయి, ఇంటి కప్పు మీదే ఉంటాయి. ఇక ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోండి అన్నారు దవాఖానలో. ఆ మాటకు అర్థం ఏంటో అందరికీ తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా అత్తమ్మను నాగర్‌కర్నూల్ బ్యాంకుకు తీసుకుపోయాను. మా అత్తగారిది తిమ్మాజిపేట, మామయ్య పోయాక వచ్చే పెన్షన్ ఆ బ్యాంకులోనే పడుతుంది. కౌంటర్ దగ్గర కుర్రాడు ఆమెను భర్త పేరు చెప్పమన్నాడు. అత్తమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. నేను ఫోనులో ఏదో చూసుకుంటున్నాను, పట్టించుకోలేదు. మీరే చెప్పాలమ్మా అని అతను మళ్లీ అడిగాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడింది. వెనక లైనులో ఉన్నవాళ్లు గొణుగుతుంటే నేనే చెప్పాను. బయటికొచ్చాక నాకు ఆగలేదు. మామయ్య పోయి ఇన్నేళ్లయింది, ఇంకా ఏంటమ్మా ఆ సిగ్గు, పేరు చెప్తే ఏం పోతుంది అని కసిరాను.

"మొగని పేరు నోట్లెకెళ్లి ఎట్లొస్తది బిడ్డా," అంది అత్తమ్మ. "ఆయన ఉంటేంది, పోతేంది."

అక్కడే బ్యాంకు మెట్ల మీద కూర్చుండిపోయాను. అత్తమ్మ భయపడి నీళ్లసీసా తీసింది. నాకు కనబడుతున్నదంతా అమ్మే. రేషన్ షాపులో, నన్ను బడిలో చేర్పించేటప్పుడు, ఇంటింటికీ తిరిగి జనాభా రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు, ఎవరు భర్త పేరడిగినా అమ్మ నన్ను ముందుకు నెట్టేది. మీ నాయిన పేరు చెప్పు బిడ్డా అనేది. నేను గొప్పగా, ఇంటిపేరుతో సహా చెప్పేదాన్ని. అమ్మ తన జన్మలో ఆ పేరు పలకలేదు. నేనేమో మా ఆయన్ను పేరు పెట్టే పిలుస్తాను, బడిలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. అందుకే నాకు తట్టలేదు. నాయిన ఎన్నడూ ఆమె నోట తన పేరు వినలేదు కాబట్టి ఆయనకూ తట్టలేదు. ఆ పేరునే తీసుకుపోయి ఆమె వేలి కింద పెట్టి, నొక్కు నొక్కు అని ఆమె ప్రాణం తీశాం. ఆమె ఆయన్ను మరిచిపోలేదు. భర్తను ఎట్లా పిలవకూడదో కూడా ఆమెకు బాగా గుర్తుంది. కాదు కాదు అని తల ఊపి ఏడిస్తే, జబ్బు ఏడుస్తోందని ముఖం తుడిచాం.

మెట్ల మీంచే నాయినకు ఫోను చేసి చెప్పాను.

"అవు బిడ్డా," అన్నాడు నాయిన. "ఎన్నడు పిలువలే. ఇంటున్నవా, ఇంటున్నవా అనేటిది. గంతే." వింటున్నావా అని అడగడమే అమ్మ పిలుపు. ఆ వెంటనే ఆయన, ఆ మిషన్ ఇంకా ఉందా అని అడిగాడు.

భాయ్ దగ్గర అదే రకం ఇంకోటి ఉంది. అమ్మ చెయ్యే లేవట్లేదని మా ఆయన ద్వారా అతనికి తెలుసు. ఇప్పుడెందుకక్కా, దండుగ కదా అని మెల్లగా అడిగాడు. నేను మొదటిసారి వచ్చినప్పుడే అడగాల్సిన ప్రశ్నలన్నీ అప్పుడు అడిగాను, బ్యాటరీ ఎంతసేపొస్తుంది, కింద పడితే పగులుతుందా, నెట్ లేకుండా నా గొంతు రికార్డు చేసి పెట్టొచ్చా అని. గొంతు రికార్డు చేసి పెట్టొచ్చన్నాడు. ఆ సంగతి ముందే నాకెందుకు తోచలేదు? డబ్బులిచ్చి, ఆ ప్లాస్టిక్‌ను అక్కడే పీకేశాను.

ఇంటికి పోయి నాయిన ఫోటో పెట్టి, దాని కింద పేరు రాయలేదు. అమ్మ పిలిచే తీరులో పిలిచి రికార్డు చేశాను. మొదటిసారి నా గొంతు పంతులమ్మ గొంతులా వచ్చింది. ఇంకోసారి ఏడుపొచ్చింది. ఎన్నిసార్లు పిలిచినా అమ్మలాగా రాలేదు. దగ్గరగా వచ్చిందాన్ని ఉంచేసి, ఇక చాలనుకున్నాను.

నాయిన మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ట్యాబ్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ ఎడమ చేతిని రెండు చేతులతో ఎత్తి, చూపుడువేలు సాపు చేసి, తన ఫోటో మీద ఆనించాడు. ఆమె విడిపించుకోలేదు. విడిపించుకోవడానికి ఆ చేతిలో ఏమీ లేదు. భాయ్ ముందే చెప్పినట్టు ట్యాబ్ ఆగి ఆగి పలికింది.

"ఇంటున్నవా?"

"ఇంటున్న," అన్నాడు నాయిన. "చెప్పు."

అమ్మ కళ్లు ఇంటి కప్పు మీదే ఉన్నాయి. ఆయన ముందుకు వంగి, ఆమె నోటికి చెవి దగ్గరపెట్టి కూర్చున్నాడు. కాసేపటికి తెర దానంతటదే ఆరిపోయింది. నాయిన దాన్ని వెలిగించడం ఎట్లాగో నన్ను అడిగి తెలుసుకుని, అమ్మ వేలిని మళ్లీ ఫోటో మీద పెట్టాడు.